తెట్టు తీసే పని

"రాళ్ళు కడగడానికి అంత దూరం పోవాలేంట్రా?" అంటారు నాన్న ఫోన్ చేసినప్పుడల్లా. చోడవరం దగ్గర మా ఊళ్ళో ఆయన బెల్లం వండుతారు. నేను సౌదీ ఉత్తరాన అల్ జలామిద్ ఎడారిలో, ఎరువులకి వాడే ఫాస్ఫేట్ రాయిని శుద్ధిచేసే ప్లాంటులో ఆపరేటర్ని.

ఆయనన్నది అబద్ధమేం కాదు. గని రాయిలో ఫాస్ఫేట్‌తో పాటు సున్నపురాయి, డోలమైట్ కలగలిసి ఉంటాయి. అలాగే పంపితే ఎరువుల ప్లాంటులో పోసే సల్ఫ్యూరిక్ యాసిడ్‌ని సున్నమే తాగేస్తుంది. డోలమైట్‌లోని మెగ్నీషియం ఇంకా మొండిది, తయారైన ఫాస్ఫారిక్ యాసిడ్‌ని చిక్కబరిచి వడకట్టనివ్వదు. అందుకే రాయిని మెత్తగా నూరి, నీళ్ళలో కలిపి, సన్న బురద తీసేసి ఫ్లొటేషన్ సెల్స్‌లోకి వదులుతాం. సెల్ అంటే అడుగున మర తిరుగుతూ గాలి బుడగలు లేచే పెద్ద తొట్టి.

రాగి గనుల్లో అయితే కావలసిన ఖనిజమే నురగతో పైకొస్తుంది. మా దగ్గర తిరకాసు. పైకి తేలేది చెత్త, అడుగున మిగిలేది సరుకు. మేం కలిపే ఫ్యాటీ యాసిడ్ రెంటికీ అంటుకోగలదు. వేరే యాసిడ్ పోసి పీహెచ్ (నీళ్ళలో పులుపు ఎంతో చెప్పే అంకె) 5 చుట్టూ నిలబెడితే మాత్రం ఫాస్ఫేట్ నీళ్ళలోనే ఉండిపోతుంది, సున్నపురాయి బుడగని పట్టుకుని పైకొస్తుంది.

"పెనంలో తెట్టు తీసినట్టన్నమాట" అన్నారు నాన్న. అంతే. కాకపోతే ఆయన చెరకురసం తేరడానికి సున్నం వేస్తారు, నేను సున్నం వదిలించుకోవడానికి తంటాలు పడతాను.

సౌదీ అంటే ఎండే అనుకుని వచ్చాను. జనవరి రాత్రుళ్ళు ఇక్కడ నీళ్ళు గడ్డకడతాయి. చేరిన కొత్తలో ఓ రాత్రి చలికి బద్ధకించి పీహెచ్ ప్రోబ్ కడగలేదు. దానిమీద పొర పేరుకుని మీటరు పాత అంకే చూపిస్తోంది. యాసిడ్ పంపు ఆగినా తెలియలేదు. "భాయ్, నురగ చూడు" అన్నాడు పక్కనున్న నేపాలీ కుర్రాడు. నురగ బరువుగా, ఇసుక ఇసుకగా పొంగుతోంది. ల్యాబ్ రిపోర్టు వచ్చేసరికి రెండు గంటల ఫాస్ఫేట్ చెత్తతో పాటు చెరువులోకి పోయింది. ఆ టెన్షన్‌లో తెల్లారేదాకా టీ కూడా తాగలేదు. ఇప్పుడు జేబులో పీహెచ్ పేపరు లేకుండా షిఫ్టుకి వెళ్ళను.

కడిగిన సరుకు రైల్లో గల్ఫ్ తీరాన ఉన్న రాస్ అల్ ఖైర్‌కు పోయి, ఎరువై ఓడెక్కుతుంది. మొన్న నాన్న డీఏపీ బస్తా ఫోటో పంపారు, 18-46 (నత్రజని, ఫాస్ఫేట్ శాతాలు) అన్న అంకెల మీద వేలు పెట్టి. "ఇందులో మీ రాయి ఉందేంట్రా?"

ఉండొచ్చన్నాను.

"మరి మనకి రేటు తగ్గించమని చెప్పకపోయావా?"