ముఖ్య అతిథికి టైమర్ ఉండదు
విజయనగరంలో కాలేజీ పిల్లల డిబేట్ పోటీకి ఈసారి టైమ్‌కీపర్ కుర్చీ నాకిచ్చారు. బ్రిటిష్ పార్లమెంటరీ పద్ధతి, అంటే పార్లమెంటులోలా ఒకవైపు ప్రభుత్వ పక్షం, మరోవైపు ప్రతిపక్షం. ఒక్కో ప్రసంగం 7 నిమిషాలు. మొదటి నిమిషంలో, చివరి నిమిషంలో అవతలి పక్షం ప్రశ్న అడగకూడదు. అందుకే 1, 6 నిమిషాలకు ఒక్కో గంట, 7కి రెండు. టైమర్ సాఫ్ట్‌వేర్‌లో ముందే పెట్టేస్తే అదే మోగుతుంది. మామూలు స్టాప్‌వాచ్ అయితే కళ్లు అంకెల మీదే, వాదన వినేదెక్కడ? స్క్రీన్ ఎరుపెక్కగానే ఒకమ్మాయి ఊపిరి తీసుకోకుండా మిగిలిన పాయింట్లన్నీ చెప్పేసింది. భలే ముచ్చటేసింది! ముఖ్య అతిథికి కూడా టైమర్ పెడదామన్నాను. "ఊరుకోండి మేస్టారూ" అని నవ్వేశారు నిర్వాహకులు. ఆయన అరగంట పైనే మాట్లాడారు.