పాప్ నుంచి ఐమాప్‌కు: మా సంఘం పాత మెయిళ్లను మా డిస్క్ మీదే దాచుకున్న నా అనుభవం

వరంగల్ కొత్తవాడలో దర్రీలు (నేల మీద పరిచే జంపఖానాలు) నేసే మా చేనేత సంఘానికి వచ్చే ఈమెయిళ్లన్నీ చాలా ఏళ్లుగా ఆఫీసులోని ఒకే కంప్యూటర్‌లో, థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాంలో, పాప్ ఖాతాగా దిగుతూ వచ్చాయి. ఆ ఖాతాను ఐమాప్‌కు మార్చి, పాత మెయిళ్లన్నింటినీ మా డిస్క్ మీద భద్రపరిచే పని ఈ వారమే పూర్తయింది. ఇందులో కంప్యూటర్ పెట్టిన కష్టం తక్కువ, మాకు మెయిల్ సేవ అమ్మిన ఆఫీసు పెట్టిన కష్టం ఎక్కువ. ఇదే పని తలపెట్టిన సంఘాల వారికి, చిన్న వ్యాపారులకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

పాప్ పద్ధతి సర్వర్‌లోని, అంటే మెయిల్ సేవ వారి కంప్యూటర్‌లోని, ఇన్‌బాక్స్ నుంచి మెయిళ్లను కంప్యూటర్‌లోకి దింపడం వరకే చేస్తుంది. మనం కట్టుకున్న ఫోల్డర్లు, కంప్యూటర్ నుంచి పంపిన జవాబులు, ఏది చదివాము ఏది చదవలేదు అనే గుర్తులు అన్నీ ఆ కంప్యూటర్‌కే పరిమితం. మా అధ్యక్షుడు మేళాల కోసం ఊళ్లు తిరుగుతూ ఉంటే, ఇక్కడ నేను కొనుగోలుదారుకు ఏ ధర రాశానో ఆయన ఫోన్‌లో కనిపించేది కాదు. ఒకే ఆర్డరుకు ఇద్దరం రెండు జవాబులు ఇచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఐమాప్‌లో మెయిళ్లు సర్వర్ మీదే ఉంటాయి కాబట్టి ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఒకే తీరుగా కనిపిస్తాయి. ఇది నిన్నమొన్న వచ్చిన సౌకర్యం కాదు, 1986 నుంచి ఉన్నది. అయినా ఖాతా అమ్మిన నాడు ఆ ఆఫీసు వారు మాకు ఈ మాట చెప్పలేదు.

థండర్‌బర్డ్‌లో పాప్ ఖాతాను అక్కడికక్కడే ఐమాప్‌గా మార్చే మీట ఏదీ లేదు. అదే చిరునామాతో ఐమాప్ ఖాతాను కొత్తగా చేర్చుకుని, పాతదాన్ని తరువాత తీసివేయాలి. ముందుగా థండర్‌బర్డ్‌ను మూసి, మెయిళ్లు, సెట్టింగులు అన్నీ ఉండే దాని ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తాన్ని వేరే డిస్క్ మీదికి కాపీ చేశాను. తరువాత పాత పాప్ ఖాతా సెట్టింగులలో, తెరవగానే మెయిల్ చూడమనేదానికీ, కొన్ని నిమిషాలకోసారి చూడమనేదానికీ ఉన్న టిక్కులు తీసేశాను. ఈ రెండో పని చాలామంది చేయరు, తప్పక చేయాలి. సర్వర్ మీద మెయిల్ ఉంచకుండా దింపుకునే పాప్ ఖాతా వెనుక నడుస్తూనే ఉంటే, కొత్త ఐమాప్ ఇన్‌బాక్స్‌లోకి వచ్చిన మెయిళ్లను అది లాగేసుకుని సర్వర్ నుంచి చెరిపేస్తుంది. ఆపైన 993 పోర్టు, ఎస్ఎస్ఎల్ ఎంచుకుని ఖాతా చేర్చడం ఒక టీ తాగినంత సేపటి పని.

అసలు బాధ ఆ తరువాత మొదలైంది. పాత పాప్ ఖాతాలో ఉన్న ఇన్నేళ్ల మెయిళ్లను ఏం చేయాలని మెయిల్ సేవ ఆఫీసుకు ఫోన్ చేసి అడిగాను. అక్కడి ఉద్యోగి, "అన్నీ పట్టుకొని కొత్త ఖాతాల ఏసుండ్రి సార్, సర్వర్ల సేఫుగ ఉంటయి" అన్నాడు. మా పెట్టెకు ఎంత చోటు ఉందో ఆయన చెప్పలేదు. ఆయన మాట ప్రకారమే చేశాను కానీ, తరలించకుండా కాపీ చేశాను. అసలు మెయిళ్లు పాత ఖాతాలోనే ఉండాలని పట్టుబట్టింది నేనే, ఆ పట్టుదలే తరువాత సంఘాన్ని కాపాడింది. ఒక్కో మెయిల్ వెంట డిజైన్ల ఫొటోలు ఉన్నందున అవి ఎక్కడానికి రాత్రంతా పట్టింది. మరునాడు జైపూర్ నుంచి కొనుగోలుదారు ఫోన్ చేసి, తాను పంపిన ఆర్డరు మెయిల్ తిరిగి వచ్చిందని చెప్పారు. ఆ తిరుగు సందేశాన్ని వాట్సాప్‌లో పంపమంటే పంపారు. అందులో 5.2.2 అనే సంకేతం ఉంది. దానికి అర్థం ఒక్కటే: మెయిల్ పెట్టె నిండిపోయింది.

ఆ సందేశాన్ని ప్రింటు తీసుకుని హన్మకొండలోని వారి ఆఫీసుకు వెళ్లాను. కౌంటరు దగ్గర కాలేజీ పిల్లలు, ఇద్దరు ముగ్గురు దుకాణదారులు నిలబడి ఉన్నారు. ఫోన్‌లో మాట్లాడిన ఆ అబ్బాయే కాగితం వైపు చూడకుండా, అందరికీ వినిపించేలా, "అంకుల్, మీ నెట్ ప్రాబ్లమ్ అది. అయినా పదేండ్ల కిందటి మెయిల్స్ ఎవలు చదువుతరు? పాస్‌వర్డ్ చెప్పుండ్రి, నేనే డిలీట్ కొడత" అన్నాడు. వెనుక ఎవరో నవ్వారు. నలుగురి ముందు సంఘం పాస్‌వర్డ్ బయటికి చెప్పమనడం, ముప్పై మగ్గాల సంపాదన నడిచే ఉత్తరాలను చెత్త అనడం, అందుకు మేము ఏటా డబ్బు కడుతూ ఉండడం, ఈ మూడూ ఒక్కసారిగా తగిలి కాసేపు నాకు మాట రాలేదు. ఆ మెయిళ్లలో ఏముందో అతనికి తెలియదు. 2018లో వరంగల్ దర్రీలకు భౌగోళిక గుర్తింపు వచ్చిన తరువాత మా పాత నమూనాలను మళ్లీ అడిగిన కొనుగోలుదారులు ఉన్నారు. ఈనాడు మన మధ్య లేని నేతకారుల డిజైన్లకు, వారు వాడిన రంగుల కలయికలకు మా దగ్గర మిగిలిన ఆధారం ఆ మెయిళ్ల వెంట వచ్చిన ఫొటోలే. కొలత తగ్గిందని, రంగు మారిందని ఎవరైనా డబ్బు ఆపితే చూపించవలసిన కాగితమూ అదే. పాస్‌వర్డ్ చెప్పనని, పెట్టెకు ఎంత చోటు ఇచ్చారో రాసి ఇవ్వమని గట్టిగా అడిగాను. చివరికి లోపలి నుంచి పెద్దాయన వచ్చి ఒక జీబీ అని చెప్పారు. ఆ ఒక్క మాట ఫోన్‌లోనే చెప్పి ఉంటే ఆర్డరు తిరిగి వెళ్లేది కాదు. వినియోగదారు వయసు చూసి అతని తెలివిని కొలిచే వారి దగ్గర ఏ సేవా కొనకూడదని నా అభిప్రాయం, దాన్ని మార్చుకోను.

ఇంటికి వచ్చి శాంతంగా కూర్చుంటే దారి కనిపించింది. ఐమాప్ ఫోల్డర్ అంటే సర్వర్‌లో ఉన్నదాని ప్రతిబింబం. ఒకచోట చెరిపితే రెండో చోటా చెరిగిపోతుంది. మెయిళ్లను ఈ కంప్యూటర్‌లో కూడా ఉంచమనే సింక్ సెట్టింగు ఉంది కానీ, అది భద్రపరచడం కాదు. సర్వర్‌లో ఎవరైనా తొలగిస్తే ఇక్కడి నకలు కూడా పోతుంది. నిజంగా మనదై ఉండేది థండర్‌బర్డ్‌లో ఎడమ పక్కన అన్నిటికంటే కింద కనిపించే లోకల్ ఫోల్డర్స్ మాత్రమే. దానికి ఏ సర్వర్‌తోనూ సంబంధం లేదు.

అందులో సంవత్సరాల వారీగా ఫోల్డర్లు చేసి, పాత పాప్ ఖాతా నుంచి మెయిళ్లను కొద్దికొద్దిగా కాపీ చేశాను. ప్రతి ఫోల్డర్‌లోనూ రెండు వైపులా మెయిళ్ల సంఖ్య సరిపోయిందో లేదో చూసి, అక్కడక్కడా జోడింపులు తెరిచి పరీక్షించాను. సంఖ్య సరిపోయినా ఫొటో తెరుచుకోకపోతే దాచి ఏం లాభం? అందుకని ఈ పనిలో తొందర పడవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. సర్వర్‌లోకి ఎక్కించిన కాపీలను ఆ తరువాతే తొలగించాను. తొలగించినవి ట్రాష్‌లోకి వెళ్తాయి, ట్రాష్ కూడా పెట్టె చోటులోకే లెక్క వస్తుంది. దాన్ని ఖాళీ చేసే వరకు మెయిళ్లు తిరిగి పోతూనే ఉంటాయి.

ఇక మీదట వచ్చే వాటికి కూడా ఏర్పాటు చేశాను. ఐమాప్ ఖాతా సెట్టింగులలో, 'కాపీలు, ఫోల్డర్లు' (Copies & Folders) అనే చోట, ఆర్కైవ్ (పాత మెయిళ్ల నిల్వ) ఎక్కడ ఉంచాలో ఎంచుకునే వీలుంది. అక్కడ లోకల్ ఫోల్డర్స్ ఎంచుకుని, ఏడాదికి ఒక ఫోల్డర్ అని పెట్టాను. ముగిసిన ఆర్డరు మెయిల్‌ను ఎంచుకుని కీబోర్డు మీద ఇంగ్లీషు 'A' అక్షరం నొక్కితే అది సర్వర్ నుంచి తొలగి మా డిస్క్ మీద ఆ ఏటి ఫోల్డర్‌లో చేరుతుంది. నడుస్తున్న ఆర్డర్లు మాత్రమే సర్వర్‌లో, అధ్యక్షుడి ఫోన్‌లో ఉంటాయి.

మరొక జాగ్రత్త. థండర్‌బర్డ్ ఒక్కో ఫోల్డర్‌లోని మెయిళ్లన్నింటినీ సాధారణంగా ఒకే పెద్ద ఫైలుగా దాస్తుంది, ఆ ఫైలు పేరు చివర ఏ గుర్తూ ఉండదు. దాని పక్కన ఎంఎస్ఎఫ్ అని ఉండేది సూచిక మాత్రమే, పోయినా మళ్లీ తయారవుతుంది. అసలు ఫైలు 4 జీబీ దాటితే ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కదు. మేము బయటి డిస్క్‌ను, అంతకంటే పెద్ద ఫైళ్లనూ తీసుకునే ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేయించి, ప్రొఫైల్ ఫోల్డర్ కాపీని అందులో పెట్టి సంఘం బీరువాలో ఉంచాము, రెండో కాపీ కోశాధికారి ఇంట్లో ఉంది.

పాత పాప్ ఖాతాను అన్నిటికంటే చివర తీసివేశాను. అప్పుడు తెర మీద వచ్చే చిన్న కిటికీలో మెయిళ్ల సమాచారాన్ని కూడా తొలగించమంటారా అనే టిక్కు ఉంటుంది. దాన్ని పెట్టకుండానే తీసివేశాను, మీరూ అలాగే చేయండి. మెయిల్ సేవ గడువు తీరాక వేరే వారి దగ్గరికి మారాలని సంఘం సమావేశంలో తీర్మానం రాయించాము, చోటు ఎంతో ముందే కాగితం మీద ఇచ్చిన వారితోనే మాట్లాడుతున్నాము.