అరటిపండు వేశావా?

"ఇందులో అరటిపండు ఏమైనా వేశావా బావా?"

డాబా మీద, నేను ఇంట్లో తయారుచేసిన తక్కువ ఆల్కహాల్ బీరు మొదటి సీసా మూత తీసి, రెండు గుటకలు వేశాడో లేదో మా బావమరిది అడిగేశాడు.

వెయ్యలేదురా. అది ఈస్ట్ పని. బెల్జియన్ ఈస్ట్‌కి వేడి ఎక్కువైతే అరటిపండు వాసన గుప్పున పుట్టిస్తుంది. 22 డిగ్రీల దగ్గర ఉంచాలనుకున్నాను. విశాఖలో, అదీ మే నెలలో! బీరు పులిసే బకెట్టుని నీళ్ల టబ్బులో పెట్టి, తడి తువ్వాలు చుట్టి, గడ్డకట్టిన నీళ్ల సీసాలు పొద్దున రెండు, రాత్రి రెండు మార్చాను. పసిపిల్లకి జ్వరం వస్తే కూడా అంత కాపలా కాయలేదు. ఒక్క మధ్యాహ్నం కరెంటు పోయింది, అంతే. బకెట్టు మీది, వేడి కొలిచే స్టిక్కరు 29 డిగ్రీలు చూపించింది.

నిజానికి నా టెన్షన్ వేరే. ఆల్కహాల్ తగ్గిస్తే చారునీళ్లలా పలచబడుతుందేమోనని. అందుకే మొలకెత్తించి ఎండబెట్టిన గింజల్ని, అంటే మాల్ట్‌ని 69 డిగ్రీల దగ్గర నానబెట్టాను. ఆ వేడిలో ఈస్ట్ తినలేని చక్కెరలు కాస్త ఎక్కువ మిగిలి, నోటికి చిక్కగా తగులుతుంది. సాంద్రత కొలిచే హైడ్రోమీటరులో, పులియకముందు 1.030తో మొదలై, పులిశాక 1.010 దగ్గర ఆగింది. అంటే ఆల్కహాల్ సుమారు 2.6 శాతం. బెల్జియన్ పేల్ ఏల్ అనే మామూలు రకం బీరులో ఉండేదాంట్లో సగం.

చిక్కదనం కుదిరింది. నురుగు కూడా నిలబడింది, అది నేను ఊహించలేదు.

మా ఆవిడ వాసన చూసి "ఇడ్లీ పిండి పులిసినట్టుంది" అని కిందికి వెళ్లిపోయింది.

వాడు మాత్రం రెండో సీసా మూత తీస్తున్నాడు. అరటిపండు బాగానే ఉందట.