ఉప్పాడలో గోడకు ఆనించిన ద్వారబంధం

చెల్లి పెళ్ళికి జాంధానీ చీరలు కొందామని ఉప్పాడ బయల్దేరాను. తీరా కాకినాడలో దిగాక, కెరటాలకు బీచ్ రోడ్డు కోసుకుపోయింది, మూసేశారన్నారు. పిఠాపురం మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాలని ఆటో అతను ఐదువందలు అడిగాడు. ఒళ్ళు మండిపోయింది. ఊరు చూశాక ఆ మాటే మర్చిపోయాను.

చీరల పని గంటలో తేలింది. సముద్రం వైపు నడిస్తే వీధి ఉన్నట్టుండి తెగిపోయింది. చివరి ఇల్లు సగమే ఉంది. వంటగది గట్టు, గోడలో దేవుడి గూడు, అంతే. దాని కింద బండరాళ్ళు, వాటి మధ్య జియోట్యూబ్ తాలూకు చిరిగిన గుడ్డ. కెరటాల్ని ఆపడానికి ఇసుక నింపి ఒడ్డున వేసే పెద్ద గొట్టంలాంటి సంచి అది.

పక్కన రేకుల షెడ్డు ముందు ఓ మామ్మ ఎండుచేపలు తిరగేస్తోంది. ఆ ఇల్లు ఆమెదే. షెడ్డు గోడకు టేకు ద్వారబంధం ఒకటి ఆనించి ఉంది. పైకమ్మి మీద పసుపు పొరలు పొరలుగా గట్టిపడింది. అడుగుభాగం ఉప్పుకి పీచులా లేచింది.

“మూడిళ్ళు చూసిందమ్మా ఇది. కెరటం గోడ తాకిందంటే ముందు దీన్నే ఊడదీస్తాం. గోడలు ఎలాగూ దానివే.”

“పట్టా ఉందా మామ్మగారూ?”

ప్లాస్టిక్ కవర్లోంచి తీసి చూపించింది. “స్థలం అదిగో” అంటూ నీళ్ళ వైపు చెయ్యి చాచింది.

మాది గోదావరి లంక ఊరు. 1986 ఆగస్టు వరదకి మా ఇల్లూ మునిగింది. నీరు తీశాక బురద ఎత్తిపోసి, సున్నం కొట్టించి, మళ్ళీ అదే గదిలో పడుకున్నాం. ఇక్కడ కడుక్కోడానికి నేల కూడా మిగలడం లేదు. కెరటాలకు అడ్డుగా సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్ అనే దీవి చాటు కాకినాడకు ఉంది, ఉత్తరాన ఉన్న ఉప్పాడకు లేదు. గోదావరి తేవాల్సిన ఇసుక ఆనకట్టల వెనకే ఆగుతోంది. పైగా సముద్రమట్టం పెరుగుతోంది.

“లోపల ఎక్కడైనా ఇల్లిస్తే వెళ్ళరా?”

“పడవ నెత్తిన పెట్టుకుని పోనా? రాత్రి గాలి తిరిగితే లాగాల్సింది మేమేగా.”

ఇళ్ళు ఇచ్చేవాళ్ళు పడవకీ చోటు చూపించాలి. అది లేకుండా కట్టే కాలనీ వీళ్ళకి ఇల్లు కాదు.

ద్వారబంధం ఎప్పుడు నిలబెడతారని అడిగాను.

“ఎల్లుండి పౌర్ణమి. పోటు ఎందాకా వస్తదో చూసి.”