కాలాజీరా గింజలు ఐదోసారీ తిరిగొచ్చాయి

ఫోటోలు అమ్మిపెట్టే అడోబీ స్టాక్ సైటుకి పంపిన మా కాలాజీరా వడ్ల ఫోటో మళ్ళీ రిజెక్ట్. కారణం అవే రెండు ముక్కలు: క్వాలిటీ ఇష్యూస్. ఏ క్వాలిటీ, ఫోటోలో ఏ మూల, ఎంత అన్నది చెప్పరు. రాత్రి పదకొండింటికి మెయిల్ చూసి ల్యాప్‌టాప్ మూసేశాను. నిద్ర పట్టక తెరిచి ఇది రాస్తున్నాను.

ముందు లెక్క. ఐదు నెలల్లో 212 ఫోటోలు పంపితే 131 తీసుకున్నారు. అందులో అమ్ముడైనవి ఐదు: సుంకి ఘాట్‌లో మంచు రెండుసార్లు, వలిసె పూలు రెండుసార్లు, తడి గొడుగు ఒకసారి. అడోబీలో కొనేవాళ్ళు సబ్‌స్క్రిప్షన్ మీద తీసుకుంటే ఫోటోకి కనీసం 33 సెంట్లు కాబట్టి నా సంపాదన 1 డాలర్ 65 సెంట్లు. చేతికి రావాలంటే 25 డాలర్లు నిండాలి, అంటే ఇదే రేటున మొత్తం 76 అమ్మకాలు. ఇలాంటిదే ఇంకో సైటు షట్టర్‌స్టాక్‌లో అయితే మన వాటా జనవరి 1 రాగానే మళ్ళీ 15 శాతం మెట్టు నుంచి ఎక్కాలి. నాలాంటి కొత్తవాడికి అడోబీయే నయం అనిపిస్తోంది. అమెరికా పన్ను కోసం పాన్ నంబరుతో డబ్ల్యూ-8 బెన్ ఫారం నింపడం పది నిమిషాల పని, దాని గురించి ఇంక చెప్పను.

ఇప్పుడు గింజల సంగతి. మా ఒడిశా కోరాపుట్‌లో పండే సువాసన వరి కాలాజీరాకి జీఐ గుర్తింపు (ఈ ప్రాంతానిదే అన్న ముద్ర) వచ్చాక మంచి ఫోటోలు ఎన్ని ఉన్నాయా అని వెతికాను. ఉన్నవన్నీ పొట్టు తీసిన తెల్లబియ్యం. వడ్లు మాత్రం నల్లగా, అచ్చం జీలకర్రలా ఉంటాయి, పేరు వచ్చిందే అందుకు. అరకిలో వడ్లు తెచ్చి తెల్ల పళ్ళెంలో కుప్ప పోశాను. 50 ఎంఎం లెన్సుకి 21 ఎంఎం ట్యూబ్ (దగ్గరి నుంచి తీయడానికి లెన్సు వెనక పెట్టే ఖాళీ గొట్టం) తగిలిస్తే గింజ సెన్సార్ మీద సుమారు సగం సైజులో పడుతోంది. ఫ్రేములో పట్టేది నాలుగున్నర సెంటీమీటర్ల వెడల్పు. కుప్ప ముందు గింజ నుంచి వెనక గింజకి లోతు 2 సెంటీమీటర్లు. నా కష్టాలన్నీ ఆ 2 సెంటీమీటర్లలోనే ఉన్నాయి.

మొదటిసారి లెన్సు రంధ్రం బాగా చిన్నది చేసి ఎఫ్/16, వెలుగు చాలడానికి ఐఎస్ఓ 400. తిప్పికొట్టారు. నాయిస్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) అనుకుని రెండోసారి ఐఎస్ఓ 100కి దించాను, షట్టర్ సెకనులో నాలుగో వంతుకి పడింది. మా ఇల్లు ఎన్‌హెచ్ 26కి దగ్గర. లారీ వెళ్తే చెక్కబల్ల మీది గ్లాసులో నీళ్ళు వణుకుతాయి. అందుకే ట్రైపాడ్, పళ్ళెం గచ్చు మీదకి దించి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ తీశాను. అదీ తిరిగొచ్చింది. వంద శాతానికి పెంచి చూస్తే ఏ గింజకీ అంచు లేదు, అంతా పల్చగా నూనె రాసినట్టుంది. సగం సైజు దగ్గరపడితే ఎఫ్/16 అసలు ఎఫ్/24లా పనిచేస్తుందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. డిఫ్రాక్షన్: రంధ్రం మరీ చిన్నదైతే వెలుగు చెదిరి అంచులు కరిగిపోతాయి. మూడోసారి ఎఫ్/8. అంచులు కత్తిలా వచ్చాయి, కానీ ఫోకస్ పట్టు రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. ఒక వరస గింజలు బాగున్నాయి, మిగతాదంతా మసక.

ఇక ఫోకస్ స్టాకింగే దారి, అంటే ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ తీసిన ఫ్రేములన్నీ ఒకటిగా కలపడం. నాలుగోసారి ఫోకస్ రింగ్ తిప్పుతూ 14 ఫ్రేములు తీశాను. ఈ ఎస్‌టీఎం లెన్సులో రింగుకీ గాజుకీ మధ్య ఉన్నది మోటారే, మీద టేపు గుర్తు పెట్టినా నిలవదు. కలిపి చూస్తే కుప్ప మీద మూడు చోట్ల మసక చారలు. పంపకుండా ఉండాల్సింది, ఆత్రం కొద్దీ పంపాను.

తర్వాత ఒక తెలివి చూపించాను. కెమెరాని పైనుంచి కిందకి చూసేలా బిగించి, పళ్ళెం కింద 200 ఏ4 కాగితాలు పెట్టి, షాట్‌కి పది చొప్పున లాగుతూ పోవడం. పది కాగితాలంటే సుమారు ఒక మిల్లీమీటరు కదా! లెక్క బాగానే ఉంది, లాగినప్పుడల్లా గింజలు దొర్లాయి. కలిపిన ఫోటోలో ఒక గింజకి రెండు తలలు. అమ్మ వెనక నిలబడి చూసి, “ఏట్రా ఇది, ఆ వడ్లు దంచి వండుంటే ఈపాటికి వీధంతా వాసనొచ్చేది” అంది. ఆ ఫోటో ఎక్కడికీ పంపలేదు.

చివరికి పేరులేని మాక్రో రెయిల్ (పిడి తిప్పితే కెమెరాని కొద్దికొద్దిగా జరిపే పట్టా) ఒకటి కొన్నాను. పిడి పది చుట్లు తిప్పితే స్కేలు మీద 12 మిల్లీమీటర్లు జరిగింది. అంటే ముప్పావు చుట్టుకి 0.9 మిల్లీమీటరు. ఆ లెక్కన 22 ఫ్రేములు. ఫ్రేములు కలిపే సాఫ్ట్‌వేర్ హెలికాన్ ఫోకస్ ట్రయల్‌లో కలిపాను. ఇలాంటి గింజలకి ఫోటోషాప్ కంటే అదే శుభ్రంగా చేస్తోంది. స్క్రీన్ మీద ఎంత బాగుందో! ఈ రాత్రి తిరిగొచ్చింది ఇదే.

రెండు వందల శాతానికి పెంచి మూల మూలా వెతికాను. దొరికింది. కుప్ప అంచున ఉన్న ప్రతి నల్లగింజ చుట్టూ 6 నుంచి 8 పిక్సెళ్ళ బూడిదరంగు పొగ. పళ్ళెం మీద ఫోకస్ ఉన్నప్పుడు దానికంటే ఎత్తులో ఉన్న గింజ మసకగా ఉబ్బి తన పక్కనున్న పళ్ళెం తెలుపుని కప్పేస్తుంది. అంటే ఆ కాస్త తెలుపు 22 ఫ్రేముల్లో ఒక్కదాంట్లోనూ శుభ్రంగా లేదు. ఇక సాఫ్ట్‌వేర్ మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తుంది? నల్లగింజని తెల్ల పళ్ళెంలో పోసిన తప్పు నాది. రేపు పొద్దున పాత వెదురు చేటలో పోసి తీస్తాను. గోధుమరంగు మీద ఆ పొగ కనబడదని ఆశ. కుప్ప ఎత్తు కూడా ఒక సెంటీమీటరుకి తగ్గిస్తాను, 12 ఫ్రేములు చాలు.

కొనేవాళ్ళు వెతికే కీవర్డ్‌ల మాట ఒకటి. ఆటోమేటిక్‌గా వచ్చేవి నమ్మకండి. మా జయపూర్‌ని రాజస్థాన్ జైపూర్ చేసి, నీళ్ళు నిలిచిన వరిచేనుకి ‘ఎడారి’ అని తగిలించిందొక టూల్. అడోబీలో 49 దాకా పెట్టొచ్చు, మొదటి పదికే బరువెక్కువ. నేను ‘కోరాపుట్’ ముందు పెట్టి, ఊరి పేరు తర్వాత పెడుతున్నాను.

శుక్రవారం కుండులి సంతకి వెళ్తాను. ముఖాలు తీయను. మోడల్ రిలీజ్ (బొమ్మ వాడుకోవడానికి ఒప్పుకునే కాగితం) మీద వేలిముద్ర వేయించుకోవడం కష్టం కాదు, కానీ రేపు సంతలో అమ్మే ఆవిడ బొమ్మ ఏ మందు సీసా పక్కన పడుతుందో వాళ్ళ దేశియా భాషలో చెప్పేంత మాట నాకు రాదు. చేతులు, తూకం, చోళ్ళ బస్తాలు చాలు. షట్టర్‌స్టాక్‌లో ఎడిటోరియల్‌గా (ప్రకటనలకి కాక వార్తలకి వాడేలా) పెట్టినా తీసిన తేదీ, ఊరు రాయాలి, అందుకే ఈసారి కెమెరాలో గడియారం సరిచేశాను. మొన్నటిదాకా అది 2017లోనే ఉంది.

వలిసె పూలు మళ్ళీ విచ్చుకునేలోపు ఈ గింజలు తేలిపోవాలి. అరకిలోలో గిన్నెడే మిగిలాయి, మిగతావి అమ్మ దంపించేసింది.