ఎర్రర్ స్పాటింగ్‌లో చిన్న పదాల దగ్గరే ఆగండి

పోటీ పరీక్షల ఇంగ్లిష్‌లో ఎర్రర్ స్పాటింగ్ (వాక్యంలో తప్పు ఎక్కడుందో పట్టే ప్రశ్నలు) మొదలుపెట్టగానే చాలామంది కళ్లు టెన్స్ మీదకీ, పెద్ద పెద్ద పదాల మీదకీ పోతాయి. నా ప్రిపరేషన్‌లో తేలిందేమిటంటే, తప్పు తరచుగా 'బట్', 'దాన్', 'ఆఫ్' లాంటి చిన్న పదాల దగ్గరే దాక్కుంటుంది. కోఆర్డినేటింగ్, సబార్డినేటింగ్ అని కంజంక్షన్ల (వాక్యాలను కలిపే పదాల) రకాల పేర్లు బట్టీ పడితే పెద్దగా ఒరిగేదేమీ లేదు. నాకు పనికొచ్చింది ఒక్క ప్రశ్న: ఈ పదం తన వెనకాల ఏం రావాలని అడుగుతోంది?

'ఆల్దో', 'డిస్పైట్' చూడండి. అర్థం దాదాపు ఒకటే. కానీ 'ఆల్దో' తర్వాత మామూలుగా కర్త, క్రియ రెండూ ఉండాలి: 'ఆల్దో ఇట్ రెయిన్డ్, దే ప్లేడ్'. 'డిస్పైట్'కి నామవాచకం చాలు: 'డిస్పైట్ ద రెయిన్, దే ప్లేడ్'. క్రియే రావాల్సొస్తే ఇంగ్ రూపంలో వస్తుంది. 'డిస్పైట్ ఆఫ్' కనిపిస్తే ఇంకేం ఆలోచించకండి, తప్పు అక్కడే. 'ఆఫ్' పెట్టాలంటే 'ఇన్ స్పైట్ ఆఫ్' ఉండాలి. 'బికాజ్', 'బికాజ్ ఆఫ్' మధ్య కూడా ఇదే తేడా.

జంటగా వచ్చేవి ఇంకో రకం. 'నో సూనర్' ఉంటే 'దాన్', 'హార్డ్లీ' ఉంటే 'వెన్'. ఇది కంఠస్థం చేస్తే టెన్షన్‌లో తారుమారవుతుంది. 'సూనర్' కంపారటివ్ (పోలిక చెప్పే రూపం) కాబట్టే 'దాన్' అడుగుతోందని గుర్తుంటే తారుమారు కాదు. పైగా ఇవి వాక్యం మొదట్లో వస్తే సహాయక క్రియ కర్త కన్నా ముందుకొస్తుంది: 'నో సూనర్ హాడ్ హి లెఫ్ట్ దాన్ ఇట్ రెయిన్డ్'. 'ఆల్దో'కి జతగా 'బట్' పెట్టకూడదు, 'యెట్' పెట్టొచ్చు. 'అన్‌లెస్'లో నెగెటివ్ లోపలే ఉంది, అదే అర్థానికి ఇంకో 'నాట్' అక్కర్లేదు.

'నాట్ ఓన్లీ... బట్ ఆల్సో'లో చూడాల్సింది చోటు. 'షి స్పీక్స్ నాట్ ఓన్లీ ఫ్రెంచ్ బట్ ఆల్సో జర్మన్' సరైనది. 'నాట్ ఓన్లీ'ని 'స్పీక్స్' ముందుకి జరిపితే ఒక పక్క క్రియ, ఇంకో పక్క నామవాచకం అయి తూకం తప్పుతుంది. (మాటల్లో ఇంగ్లిష్ వాళ్లే దీన్ని అంతగా పట్టించుకోరు. పేపర్ సెట్ చేసేవాళ్లు మాత్రం వదలరు.)

క్రియ ఏకవచనమా, బహువచనమా అన్నది కూడా ఈ పదాలే తేలుస్తాయి. 'ఆజ్ వెల్ ఆజ్' ఉంటే మొదటి కర్తను చూడాలి: 'ద కెప్టెన్, ఆజ్ వెల్ ఆజ్ ద ప్లేయర్స్, వాజ్ లేట్'. 'నైదర్... నార్' అయితే క్రియకు దగ్గరున్న కర్తను: 'నైదర్ ద కెప్టెన్ నార్ ద ప్లేయర్స్ వర్ లేట్'.

ప్రాక్టీస్‌కి నేను చేసేది ఇంతే. ఇంగ్లిష్ న్యూస్‌పేపర్ చదువుతూ ఇలాంటి పదం రాగానే మిగతా లైన్ మూసేసి, తర్వాత వచ్చేది నామవాచకమా, వాక్యమా అని ఊహించి, అప్పుడు తీసి చూస్తాను.