హీరో నక్షత్రం వద్దన్న జనరల్ రోఖ్లిన్

నేను మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీలో, సైనికుల్ని మోసే కవచ వాహనం బీఎంపీ-2కి డ్రైవర్‌గా చేశాను. బండి మన ఎద్దుమైలారం ఫ్యాక్టరీదే అయినా డిజైన్ సోవియట్‌ది. దాని వెనక తలుపుల్లోనే డీజిల్ ఉంటుంది. ఆ తలుపులకు ఇవతల ఏడుగురు కుర్రాళ్లు మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటారు. అలాంటి బండ్లను ఇరుకు వీధుల్లోకి, రెండు పక్కలా మేడల మీద రాకెట్ లాంచర్లు కాచుకుని ఉన్న చోటికి పంపారంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

1994 డిసెంబర్ 31న, చెచెన్ వేర్పాటువాదుల మీద రష్యా చేసిన యుద్ధంలో, చెచెన్యా రాజధాని గ్రోజ్నీలో జరిగింది అదే. ఒక్క పారాట్రూపర్ రెజిమెంట్‌తో రెండు గంటల్లో తేల్చేస్తామని రష్యా రక్షణ మంత్రి గ్రాచోవ్ అంతకుముందే చెప్పి ఉన్నాడు. రైల్వే స్టేషన్ దాకా వెళ్లిన రష్యా మైకోప్ బ్రిగేడ్‌ను చెచెన్లు చుట్టుముట్టి ఊచకోత కోశారు. దాని కమాండర్ కర్నల్ సావిన్ కూడా బతకలేదు.

అదే రాత్రి ఈశాన్యం నుంచి వచ్చిన రష్యా జనరల్ లెవ్ రోఖ్లిన్ దళం మాత్రం నిలబడింది. ఆయన నేరుగా రాలేదు. పక్కనున్న దాగెస్తాన్‌లోని కిజ్లియార్ పట్టణం మీదుగా చుట్టు తిరిగి, వెనక దారిలో కాపలా పోస్టులు నిలుపుకుంటూ వచ్చాడు. ఊళ్లో ఒక క్యానింగ్ ఫ్యాక్టరీలో కమాండ్ పోస్ట్ పెట్టాడు. వెనక దారి తెరిచి ఉంటే గాయపడ్డవాణ్ణి బయటికి తీయొచ్చు, తూటాలు లోపలికి తేవచ్చు. సైనిక కాలమ్‌లో నడిచిన ఎవరికైనా దాని విలువ తెలుసు.

ఆయనకు ఇది మొదటి యుద్ధం కాదు. 1947లో కజకిస్తాన్‌లోని అరాల్స్క్‌లో పుట్టాడు, తాష్కెంట్ సైనిక పాఠశాలలో చదివాడు. అఫ్గానిస్తాన్‌లో, ఫైజాబాద్‌లో రెజిమెంట్ నడుపుతుండగా 1983లో ఒక ఆపరేషన్ విఫలమైందని పైవాళ్లు తేల్చి, ఇంకో రెజిమెంట్‌కు డిప్యూటీగా దించేశారు. ఏడాది తిరగకుండానే మళ్లీ కమాండ్ ఇచ్చారు. 1993లో వోల్గోగ్రాడ్‌లో 8వ గార్డ్స్ కోర్ ఆయన చేతికొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ఊరిని, అప్పటి స్టాలిన్‌గ్రాడ్‌ను, కాపాడిన జనరల్ చుయికోవ్ సైన్యానికి వారసురాలది.

గ్రోజ్నీ తర్వాత 'రష్యా హీరో' బిరుదు ఇవ్వబోతే వద్దన్నాడు. సొంత దేశంలో, సొంత జనం మీద చేసిన యుద్ధానికి పతకం పెట్టుకునే హక్కు తనకు లేదన్నాడు. అసలు ఆ యుద్ధానికి నాయకత్వమే వహించనని జనరల్ వొరోబ్యోవ్ ముందే తప్పుకున్నాడు. రోఖ్లిన్ వెళ్లాడు, కుర్రాళ్లను వీలైనంతమందిని కాపాడాడు, ప్రతిఫలం మాత్రం తీసుకోలేదు. ఇద్దరూ నాకు గౌరవనీయులే.

తర్వాత రోఖ్లిన్ రష్యా పార్లమెంటు దిగువ సభ డూమాకు ఎన్నికై రక్షణ కమిటీ ఛైర్మన్ అయ్యాడు. ఆర్మేనియాకు రహస్యంగా ఆయుధాలు వెళ్లాయని 1997లో సభలోనే బయటపెట్టాడు. అధ్యక్షుడు యెల్త్‌సిన్‌ను బాహాటంగా ఎదిరించాడు. 1998 జూలై 3న మాస్కో దగ్గర తన డాచాలో, అంటే ఊరి బయటి విడిది ఇంట్లో, తుపాకీ గుండుకు బలయ్యాడు. రోఖ్లిన్ మాటెత్తితే అందరూ ఆ హత్య కేసు గురించే వాదించుకుంటారు. మన అకాడమీల్లో చదివే కుర్రాళ్లు మాత్రం మ్యాప్ ముందేసుకుని, ముందు ఆ కిజ్లియార్ దారి చూడాలని నా కోరిక.